మీకు తెలుసా? డప్పు కొట్టి మరీ మిమ్మల్ని పిలవాలి!

డప్పు చాటింపు పాత సినిమాల్లోనే ఉంటుందనుకుంటున్నారా? కాదండీ! కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్‌లోనే ఉంది! ఊరి పక్కకి పెద్ద ఫ్యాక్టరీయో గనియో రాబోతుంటే ముందు సభ పెట్టి ఊరివాళ్ల మాట వినాలి. ఆ సభ ఎప్పుడో, ఎక్కడో పేపర్లో వేయాలి. పేపరు రాని ఊరైతే? డప్పు కొట్టించి చెప్పాలి! 2006లో వచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ చూడండి. అందులో డప్పు ఊసు నిజంగానే ఉంది!

రేపు సభ, ఈరోజు కబురు అంటే కుదరదు! కనీసం 30 రోజుల ముందు చెప్పాలి. ఒక జాతీయ పత్రికలో వేయాలి, ఒక ప్రాంతీయ భాషా పత్రికలోనూ వేయాలి. ఈసారి మీ పేపర్లో ఆ చిన్న అక్షరాల ప్రకటన కనిపిస్తే పేజీ తిప్పేయకండి!

ఇంకో రహస్యం! ఆ సభకు కోరం లేదు! ఇంతమంది వస్తేనే మొదలుపెడతాం అనే నిబంధనే లేదు. మన కట్టంగూర్ నుంచి ఒక్క మనిషి లేచి మాట్లాడినా ఆ మాట రికార్డుకు ఎక్కాల్సిందే. సభ మొత్తాన్నీ వీడియో తీయాల్సిందే! కలెక్టరో, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారో ఎదురుగా కూర్చుని వినాల్సిందే!

ఇది వింటే మీకు ఇంకా సంతోషం! సభ అయిపోగానే ఎవరేమన్నారో రాసిన కాగితాన్ని అక్కడే, అందరి ముందూ చదివి వినిపించాలి. ఏ భాషలో? స్థానిక భాషలో! అంటే మన దగ్గర తెలుగులోనే! సంతకాలు ఆ రోజే! 8 రోజుల్లో ఆ కాగితం అనుమతి ఇచ్చే సంస్థకు చేరాలి. మీరన్న మాట అందులో లేదనిపిస్తే లేచి అడగాల్సింది అప్పుడే!

ఇప్పుడు మన నల్గొండ జిల్లా ముచ్చట! ఇది నన్ను చాలా రోజులు వదల్లేదు. తేదీ గుర్తుపెట్టుకోండి. 1955 డిసెంబరు 10. ఆ రోజు నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు. సరిగ్గా అదే తేదీతో బ్రిటిష్ మెడికల్ జర్నల్ సంచిక వచ్చింది. అందులో ఏముందో ఊహించగలరా? నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద వ్యాసం! జిల్లా ఒకటే! తేదీ ఒకటే! ఒకచోట నీళ్ల పండుగ, ఇంకోచోట నీళ్లు తెచ్చిన జబ్బు! ఆ వ్యాసాన్నీ ఈ ప్రాజెక్టు ఫైలునూ పక్కపక్కన పెట్టి చదవండని చెప్పే చట్టం అప్పటికి ఏ దేశంలోనూ లేదు!

తర్వాత ఏమైంది? జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మన పల్లెలకొచ్చారు. పిల్లల కాళ్లు చూశారు. మోకాళ్లు రెండూ ఒకదానికొకటి ఒరుసుకునేలా వంగిపోయి ఉన్నాయి! ఫ్లోరోసిస్ పాతదే, ఈ వంకర మాత్రం కొత్తది! 1973లో లాన్సెట్ పత్రిక ఈ సంగతిని ప్రపంచానికి చెప్పింది. హైదరాబాద్ పరిశోధన, నల్గొండ పిల్లలు, లండన్ పత్రిక!

మరి కారణం? ఇక్కడే నోరు తెరుస్తారు! ఆ శాస్త్రవేత్తల వివరణ ఇదీ. పెద్ద జలాశయం నిండింది. చుట్టుపక్కల భూమిలో నీటిమట్టం పైకి లేచింది. నేల గుణం మారింది. ఆ నేలలో పండిన జొన్నలోకి మాలిబ్డినం అనే లోహం ఎక్కువగా చేరింది. అది ఒంట్లోకి వెళ్లి రాగిని బయటికి తోసేసింది. ఫ్లోరైడ్‌కు రాగి కొరత తోడైంది. ఎముక వంగింది! డ్యాం ఎక్కడ, జొన్నరొట్టె ఎక్కడ, పిల్లాడి మోకాలు ఎక్కడ! కట్టేటప్పుడు రాయి లెక్క వేశారు, కూలీల లెక్క వేశారు, ఎకరాల లెక్క వేశారు. రొట్టె లెక్క మాత్రం ఎవరికీ తోచలేదు! ఇన్ని మలుపుల్లో ఒక్క మలుపు ముందే కనిపెట్టినా ఎందరి కాళ్లు నిలబడేవో!

మన జిల్లా పేరు ఆఫ్రికాలోనూ వినిపిస్తుందని తెలుసా? నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతి పేరే నల్గొండ టెక్నిక్! పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ చాలు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ కనిపెట్టింది. ఇథియోపియాలో, టాంజానియాలో కూడా వాడారు! లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు దగ్గరికి ఫ్లోరైడ్‌ను దించడమే దాని పని. రోగం పేరుతోనే కాదు, మందు పేరుతోనూ ప్రపంచానికి తెలిసిన జిల్లా మనది!

2015లో తెలంగాణలో ఫ్లోరైడ్ నీళ్లు తాగే ఆవాసాలు 967! అయిదేళ్ల తర్వాత పార్లమెంటులో కేంద్రం చెప్పిన సంఖ్య సున్నా! మిషన్ భగీరథ పైలాన్ నిలబెట్టింది ఎక్కడో తెలుసుగా? మన హైవే మీదే, చౌటుప్పల్‌లో! ఇల్లిల్లూ తిరిగే ఈ కొళాయి పథకాన్ని గీసేటప్పుడు బోరునీళ్లలో ఏముందో ముందు చూశారు. నది నీళ్లే తేవాలని తేల్చారు!

ప్రపంచంలో మొదటగా ఇలా ముందే చూసుకోవడాన్ని చట్టంగా చేసిందెవరు? అమెరికా! ఏ రోజు సంతకం పడింది? కొత్త ఏడాది మొదటి రోజున! 1970 జనవరి 1! ప్రభుత్వం పెద్ద పని ఏది తలపెట్టినా గాలికీ నీళ్లకూ ఏమవుతుందో ముందు రాసి చూపించాలని ఆ చట్టం చెప్పింది.

మనవాళ్లూ ఎక్కువ ఆలస్యం చేయలేదు! 1976-77లోనే ప్రణాళికా సంఘం నదీ లోయ ప్రాజెక్టులను పర్యావరణం వైపు నుంచి పరిశీలించమంది. ఎవరిని? శాస్త్ర సాంకేతిక శాఖను! అప్పటికి దేశంలో పర్యావరణ శాఖే పుట్టలేదు!

ఇక అసలు కిటుకు! ఒక ఫ్యాక్టరీని చూడటం వేరు. జిల్లాకు జిల్లా ప్రణాళికనే చూడటం వేరు! యూరప్‌లో ఇంధన ప్రణాళికకూ, రవాణా ప్రణాళికకూ, నీటి ప్రణాళికకూ ముందుగా పర్యావరణ పరీక్ష పెట్టాలి. ఆ ఆదేశం 2001లో వచ్చింది! రోడ్డు ఎలా వేయాలి అన్నది రెండో ప్రశ్న. అసలు రోడ్డు కావాలా, రైలు కావాలా అన్నది మొదటి ప్రశ్న! చైనా కూడా ప్రణాళికలకు ఈ పరీక్ష పెట్టింది. మన నోటిఫికేషన్ మాత్రం ఇంకా ఒక్కో ప్రాజెక్టునే చూస్తుంది. నన్నడిగితే మనకు రావాల్సిన తరువాతి చట్టం ఇదే!

అలాగని మన రాజ్యాంగం ఊరుకుందా? లేదు! జిల్లా ప్రణాళికా సంఘం అని ఒకటుంది. పల్లెల ప్రణాళికలు, పట్టణాల ప్రణాళికలు కలిపి జిల్లాకు ఒకటే ముసాయిదా చేయాలి. చేసేటప్పుడు నీళ్ల పంపకం చూడాలి, పర్యావరణ పరిరక్షణ చూడాలి. ఇవి రాజ్యాంగంలోని మాటలే! అందులో అయిదింట కనీసం నాలుగు వంతుల మంది ఎన్నికైన ప్రజాప్రతినిధులే అయి ఉండాలి. అంటే మీరు ఓటేసినవాళ్లే! ఈసారి మీ జడ్పీటీసీ ఎదురైతే ఆ సంఘం ముసాయిదాలో కట్టంగూర్ చెరువుల గురించి ఏం రాశారో అడగండి!

సర్పంచ్ పదవికీ మొక్కకూ లంకె ఉందంటే నమ్ముతారా? 2018 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక నాటడంతోనే పని అయిపోదు. నాటినవాటిలో 85 శాతం బతకాలి! బతకకపోతే సర్పంచ్, కార్యదర్శి జవాబు చెప్పాలి. పదవికే ఎసరు రావచ్చు! ఫోటో దిగి వెళ్లిపోతే సరిపోదు!

చేపలు, గడ్డి, మందు మొక్కలు, దేశవాళీ విత్తనాలు... మీ ఊర్లో ఏమేం ఉన్నాయో రాసే రిజిస్టర్ ఒకటి ఉండాలని తెలుసా? 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలోనూ ఒక కమిటీ వేయాలి. ఆ రిజిస్టర్ రాయాలి. మీ తాతమ్మకు తెలిసిన ఆకు పేరు ప్రభుత్వ రికార్డులోకి ఎక్కుతుంది! ఏదైనా పథకం గీసే ముందు తెరిచి చూసుకోవడానికి ఇంతకన్నా మంచి పుస్తకం ఏముంది?

గనుల దగ్గర ఒక తెలివైన కిటుకు నడిచేది! పెద్ద గనికే అనుమతి కావాలి కదా, చిన్నచిన్న ముక్కలు చేసేస్తే సరి! 2012లో సుప్రీంకోర్టు దీన్ని పట్టేసింది. 5 హెక్టార్ల లోపు ముక్కైనా సరే, పర్యావరణ అనుమతి తప్పదంది!

దాంతో ఇంకో మంచి పని జరిగింది. ఇసుక ఎక్కడుంది, ఎంతుంది, వాగు ఏటా ఎంత తెచ్చి పోస్తుంది... జిల్లా మొత్తానికీ ముందే సర్వే రిపోర్టు రాయాలన్నారు. దాన్ని 5 ఏళ్లకోసారి కొత్తగా రాయాలి! ముందు వాగు లెక్క, తర్వాత లారీ లెక్క!

మరి కుమ్మరి సంగతి? కుండకూ ప్రమిదకూ బొమ్మకూ చేత్తో మట్టి తీసుకుంటే పర్యావరణ అనుమతి అక్కర్లేదు! ఆచారంగా వస్తున్న ఆ పనిని 2016 నోటిఫికేషన్ పేరు పెట్టి మరీ మినహాయించింది. వరదకు పొలంలో మేటవేసిన ఇసుకను రైతు తీసేసుకున్నా అంతే! ఢిల్లీలో రాసిన నిబంధనలో కుమ్మరి సారె కనిపించడం నాకైతే భలే ఆనందం!

ఫ్యాక్టరీలకు మార్కులు వేస్తారని తెలుసా? కానీ ఇక్కడ ఎక్కువ వస్తే ఫెయిల్! 2016లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన లెక్క ఇది. అప్పట్లో 60కి చేరితే ఎరుపు! తర్వాత నారింజ, ఆకుపచ్చ, తెలుపు. అన్నిటికన్నా తక్కువ వస్తే తెలుపు. రంగు అద్దకం లేని చేనేతను ఆ తెలుపు జాబితాలోనే పెట్టారు! మగ్గం పెట్టుకోవడానికి కాలుష్య మండలి అనుమతి తీసుకోవాల్సిన పనే లేదు!

మీ ఇష్టం వచ్చినచోట బోరు వేసుకోవచ్చా? ఆగండి! ఊరికి మంచినీళ్లిచ్చే బావికి 250 మీటర్ల లోపు అయితే అనుమతి లేకుండా వేయకూడదు. నీరు, భూమి, చెట్ల కోసం తెచ్చిన వాల్టా చట్టం మాట ఇది! బోరు బండి పిలిచే ముందు టేపు తీసుకెళ్లండి!

హైదరాబాద్ చెరువులకీ మనకీ ఏం సంబంధం అనకండి! కట్టంగూర్‌కు దగ్గర్లోనే కేతేపల్లి మండలంలో మూసీ ప్రాజెక్టు ఉంది. అందులోకి వచ్చేది హైదరాబాద్ దాటి వచ్చిన మూసీయే! ఆ నగరపు జంట జలాశయాల కోసం 1996లో జీవో 111 తెచ్చారు. 84 ఊళ్లలో కాలుష్య పరిశ్రమలు వద్దన్నారు. రెండు జలాశయాల కోసం 84 ఊళ్ల ప్రణాళిక మార్చేశారు! ఆ ఆంక్షలను సడలిస్తూ తర్వాత జీవో 69 వచ్చింది. ఆ గొడవ ఇంకా చల్లారలేదు.

ఆ జలాశయాల కేసులోనే దేశమంతా వాడుకునే మాట ఒకటి గట్టిగా వినిపించింది! 1999లో సుప్రీంకోర్టు ఏమందంటే, పరిశ్రమ వల్ల ప్రమాదం ఉందని ఊరివాళ్లు నిరూపించక్కర్లేదు. ప్రమాదం లేదని నిరూపించాల్సింది కట్టేవాడే! బరువు ఇటు భుజం నుంచి అటు భుజానికి మారింది!

ముందు అడగకపోతే ఎంత ఖరీదో చూస్తారా? పాలమూరు-రంగారెడ్డి, డిండి ఎత్తిపోతల పథకాలు తెలుసుగా! మహబూబ్‌నగర్, నల్గొండ ఎండు నేలలకు ప్రాణం పోయాల్సినవి. ఆ నీళ్లు రావాలని నాకూ ఉంది, మీకూ ఉంది! కానీ పర్యావరణ అనుమతి రాకముందే పనులు మొదలయ్యాయి. మంచినీళ్ల పథకమే కదా, అనుమతి ఎందుకంది రాష్ట్రం. పర్యావరణ కేసులు వినే హరిత ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు. 2022 డిసెంబరులో రెండిటికీ కలిపి జరిమానా వేసింది. ఎంతో తెలుసా? సుమారు 920 కోట్ల రూపాయలు!

ఆ జరిమానా మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, నిజమే! తాగునీటి పనుల వరకు చేసుకోనిచ్చింది. 2023లో కేంద్ర నిపుణుల కమిటీ పాలమూరుకు అనుమతి సిఫార్సు కూడా చేసింది. చూశారా విడ్డూరం! చివరికి ఆ గుమ్మం దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. మొదటే వెళ్లుంటే నీళ్లు ఇంకా ముందే వచ్చేవేమో!

దామరచర్లలో యాదాద్రి విద్యుత్ కేంద్రం చూశారా? 4,000 మెగావాట్లు! అనుమతి వచ్చింది, గోడలు లేచాయి, పొగగొట్టాలు లేచాయి. అప్పుడు ట్రిబ్యునల్ ఆ అనుమతిని పక్కన పెట్టేసింది! ఇంకా పరిశీలించాల్సినవి ఉన్నాయి, మళ్లీ అధ్యయనం చేయమంది. మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది! సగం పైగా కట్టేసిన ప్లాంటు కోసం ఊరివాళ్లను మళ్లీ కూర్చోబెట్టి అడిగారు!

యురేనియం అంటే ఎక్కడో అనుకుంటాం. మన పెద్దగట్టు, లంబాపూర్ గుట్టల్లోనే ఉంది! నాగార్జునసాగర్ నీళ్ల పక్కనే! అక్కడ గని తవ్వుతామన్నారు. 2003 ఆగస్టులో సభ పెట్టారు. తండాల జనం వచ్చారు, వద్దన్నారు. గని రాలేదు!

నల్లమల కథ ఇంకా పెద్దది! అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం వెతుకుతామన్నారు. చెంచు పెంటల నుంచి హైదరాబాద్ దాకా ఒకటే మాట, వద్దు! 2019 సెప్టెంబరులో శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. అధికార పక్షం, ప్రతిపక్షం ఒకే గొంతు! అడవి కోసం అంతా ఒక్కటయ్యారంటే మాటలా!

పెద్ద ప్రాజెక్టు మీద పోరాడాలంటే పెద్ద డబ్బు కావాలనుకుంటారు. కాదు! నష్టపరిహారం అడగకపోతే హరిత ట్రిబ్యునల్‌లో దరఖాస్తు రుసుము 1,000 రూపాయలే! మన కేసులు వినేది చెన్నై బెంచి. అనుమతి మీద అప్పీలుకు గడువు తక్కువ, అది మాత్రం మరిచిపోకండి!

ఏ ప్రాజెక్టు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్‌లోనే చూడొచ్చు! పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ 2018 నుంచి ఉంది. రాష్ట్రం పేరు కొట్టండి. దరఖాస్తులు, రిపోర్టులు, మినిట్స్ వరసగా వస్తాయి! ఊర్లో ఇంటర్ చదివే పిల్లలుంటే వాళ్ల చేతికివ్వండి, పది నిమిషాల్లో బయటికి తీస్తారు!

చివరిది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది! కలెక్టర్లూ కోర్టులూ లేకుండా రైతులే ఈ పరీక్ష చేసుకున్నారని తెలుసా? ప్రపంచ ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని 7 కరువు జిల్లాల్లో ఒక పథకం నడిచింది. అందులో నల్గొండ ఉంది, మహబూబ్‌నగర్ ఉంది! రైతులే వానను కొలిచారు. రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు. బడి చదువు లేని ఆడవాళ్లు కూడా కొలిచారు, రాశారు, చదివి వినిపించారు!

యాసంగికి ముందు ఊరంతా కూర్చునేది. భూమిలో ఉన్న నీళ్లెన్ని? అందరూ వేద్దామనుకున్న పంటలకు కావాల్సినవెన్ని? రెండూ పక్కపక్కన రాసేవాళ్లు. చాలవని తేలితే ఎవరికి వాళ్లే వరి తగ్గించుకున్నారు! ఆరుతడి పంటలకు మళ్లారు! ఆదేశం లేదు, జరిమానా లేదు, ఇచ్చిన సబ్సిడీ సున్నా! ప్రపంచ బ్యాంకు తన భూగర్భ జలాల నివేదికలో ఈ రైతుల గురించి రాసింది. వాళ్ల చేతిలో ఉన్నవి ఒక వానమాపకం, ఒక టేపు, ఒక నోటుపుస్తకం!